సీటు వచ్చింది సరే, పట్టా చేతికొచ్చేదాకా?

ఏటా జూన్, జూలై నెలల్లో మన వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక రకం వార్త వస్తుంది. మేస్త్రీ కూతురికి ఐఐటీ సీటు, ఆటో డ్రైవర్ కొడుక్కి ఎంబీబీఎస్ సీటు, ఫీజు కట్టే స్తోమత లేదు, దాతలు ఆదుకోవాలి. కింద ఒక బ్యాంకు ఖాతా, ఒక ఫోన్ నంబరు. సింగపూర్ అయినా, డాలస్ అయినా, దుబాయ్ అయినా మనవాళ్లు స్పందించే తీరు ఒకటే. రెండు రోజుల్లో లక్ష రూపాయలు పోగవుతాయి. ఊళ్లో ఎవరో పెద్దమనిషి పిలిచి శాలువా కప్పుతారు. ఆ తర్వాత ఆ అమ్మాయి కబురు మళ్లీ రాదు. మొదటి సెమిస్టర్‌లో లెక్కల పేపర్ గట్టెక్కిందా, మెస్ బిల్లు ఎవరు కట్టారు, చివరికి పట్టా చేతికొచ్చిందా అన్నవి వార్తలు కావు కాబట్టి మనకు తెలియవు.

అలా తెలియకుండా పోయినవాళ్ల లెక్క ఒకటి 2023 డిసెంబర్‌లో పార్లమెంటులో బయటికొచ్చింది. అంతకు ముందు ఐదేళ్లలో కేంద్ర విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి చదువు మధ్యలో బయటికి వెళ్లిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది అని కేంద్రం చెప్పింది. అందులో కేంద్ర విశ్వవిద్యాలయాలవాళ్లు 9,642 మంది, ఐఐటీలవాళ్లు 3,542 మంది, మిగతావాళ్లు ఐఐఎంలవాళ్లు. వీళ్లలో ఇంకో కోర్సుకో, ఇంకో సంస్థకో మారిపోయినవాళ్లు కూడా ఉన్నారని ప్రభుత్వం అంది. నిజమే, ఉంటారు. కానీ ఎంతమంది మారారు, ఎంతమంది ఇంటికి వెళ్లిపోయారు అని విడదీసిన లెక్క ఆ జవాబులో లేదు. ఐఐటీలో సీటు కొట్టిన పిల్లవాడికి తెలివి లేదని ఎవరూ అనలేరు కదా. మరి లోపలికి వెళ్లాక ఏం జరుగుతోంది?

ఐఐటీల్లో ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అది పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉంటే ఏ కులంవాళ్లకైనా మాఫీయే. ఈ సంగతి తెలియక చాలామంది దాతలు ట్యూషన్ ఫీజు కోసమే చందాలు పోగేస్తారు. పిల్లవాడి పీక మీదికి వచ్చేది మిగతా ఖర్చు. సీటు ఖాయం చేసుకోవడానికి గడువులోగా కట్టాల్సిన మొత్తం, హాస్టల్, మెస్, ల్యాప్‌టాప్, పండక్కి ఇంటికి రైలు టికెట్. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఒక కూలీ కుటుంబానికి చెందిన దళిత విద్యార్థికి ఐఐటీ ధన్‌బాద్‌లో సీటు వచ్చింది. కట్టాల్సింది 17,500 రూపాయలు. ఊళ్లోవాళ్ల సాయంతో డబ్బు కూడేసరికి ఆన్‌లైన్‌లో గడువు కొద్ది నిమిషాల తేడాతో ముగిసిపోయింది. ఆ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. సెప్టెంబర్ 30న కోర్టు తన ప్రత్యేక అధికారాలు వాడి అతన్ని చేర్చుకోమని ఆదేశించింది. 17,500 అంటే సింగపూర్ డాలర్లలో మూడు వందల లోపే. మనలో చాలామంది ఇళ్లల్లో ఒక పిల్లకి ఒక నెల ట్యూషన్ ఖర్చు అది.

ఇక మన రాష్ట్రాల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రాజశేఖర రెడ్డి హయాంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల మొదటిసారి కాలేజీ గడప తొక్కిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. ఇవాళ సింగపూర్‌లో, అమెరికాలో ఉన్న తెలుగు ఇంజినీర్లలో ఆ పథకంతో చదివినవాళ్లు ఎంతోమంది. పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ నాకు అనవసరం అనిపిస్తుంది. డబ్బు ఎప్పుడు వస్తుంది అన్నదే అసలు ప్రశ్న.

తెలంగాణలో ఈ బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయి వేల కోట్లకు చేరాయి. ఇందులో ఒక ప్రభుత్వానిదే తప్పు అనడానికి లేదు, పాత ప్రభుత్వం వదిలిపోయినదీ ఉంది, కొత్త ప్రభుత్వంలో పెరిగినదీ ఉంది. 2025 నవంబర్ 3 నుంచి ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బంద్‌కు దిగాయి. కొన్ని రోజుల తర్వాత చర్చలు జరిగి, కొంత డబ్బు విడుదలై, కాలేజీలు తెరుచుకున్నాయి. మన చానళ్లలో అది ప్రభుత్వానికి, యాజమాన్యాలకు మధ్య గొడవగానే కనపడింది. మధ్యలో నలిగింది మాత్రం పిల్లలు.

కాలేజీకి ప్రభుత్వం డబ్బు ఇవ్వకపోతే కాలేజీ విద్యార్థి మెడ మీద కూర్చుంటుంది. 'ముందు నువ్వు కట్టు, సర్కారు ఇచ్చాక తిరిగి ఇస్తాం' అంటుంది. కట్టలేనివాడికి కోర్సు అయిపోయినా సర్టిఫికెట్లు ఇవ్వరు. అలా ఆపడం తప్పని కోర్టులు చెప్పినా, కోర్టుకి వెళ్లే ఓపిక ఎవరికి ఉంటుంది? టీసీ లేక, మెమోలు లేక, వచ్చిన ఉద్యోగంలో చేరలేక, పీజీలో సీటు పోగొట్టుకుని తిరిగే పిల్లల గురించి జిల్లా పేజీల్లో చిన్న చిన్న వార్తలు వస్తూనే ఉంటాయి. నాలుగేళ్లు చదివి, పాసై, చేతిలో కాగితం లేకపోవడం! చదువు మానేసినవాళ్ల జాబితాలో వీళ్లు ఉండరు. చదివినవాళ్ల జీవితం కూడా వీళ్లకు దక్కదు.

ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వం విద్యా దీవెన పేరుతో ఆ డబ్బును తల్లుల ఖాతాల్లో వేసింది. వసతి దీవెన పేరుతో డిగ్రీ, ఆపై చదివేవాళ్లకు ఏడాదికి 20 వేలు హాస్టల్ ఖర్చులకు ఇస్తామంది. తల్లి చేతికి డబ్బు వస్తే కాలేజీని ప్రశ్నించే హక్కు కూడా వస్తుందన్నది ఆలోచన, బాగానే ఉంది. విడత ఆలస్యమైతే మాత్రం అప్పు తల్లి పేరు మీదే పడింది. ఇప్పటి ప్రభుత్వం మళ్లీ నేరుగా కాలేజీలకే ఇస్తోంది. ఎవరి ఖాతాలో వేసినా జూలైలో రావాల్సింది మరుసటి ఏడాది మార్చిలో వస్తే ఫలితం ఒకటే.

డబ్బు సంగతి పక్కన పెట్టి, మన నేల మీద జరిగిన ఒక పెద్ద ప్రయోగం గురించి చెప్పాలి. దాని గురించి బయట దేశాల్లో ఉన్న మనం మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోలేదు. ట్రిపుల్ ఐటీలు అని మనం పిలిచే రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, ఆర్‌జీయూకేటీ, 2008లో మొదలైంది. నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మూడు క్యాంపస్‌లు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, అమెరికాలోని కార్నెగీ మెలన్‌లో కృత్రిమ మేధ మీద పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు దానికి మొదటి ఛాన్సలర్.

ఇందులో తెలివైన సంగతి ఎంపికలో ఉంది. మన దగ్గర పేద పిల్లల్ని వడపోసేది యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష అని అనుకుంటాం. వడపోత అంతకంటే రెండేళ్ల ముందే, ఇంటర్మీడియట్‌లో జరిగిపోతుంది. లక్షలు పోసి కార్పొరేట్ కాలేజీలో కోచింగ్ తీసుకున్నవాడు ఒక వైపు, మండల కేంద్రంలో లెక్చరర్లు లేని జూనియర్ కాలేజీలో చదివినవాడు ఇంకో వైపు. ఇద్దరికీ పరీక్ష ఒక్కటే. ఆర్‌జీయూకేటీ ఆ రెండేళ్లనే దాటేసింది. పదో తరగతి మార్కులు చూసి తీసుకుని ఆరేళ్లు తనే చదివిస్తుంది. రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, నాలుగేళ్లు బీటెక్. పైగా జిల్లా పరిషత్ బడుల్లాంటి ప్రభుత్వ బడుల నుంచి వచ్చిన పిల్లలకు జీపీఏకి 0.4 కలిపారు. అంటే జడ్పీ హైస్కూల్లో 9.6 తెచ్చుకున్న అమ్మాయి, పట్నం ప్రైవేటు స్కూల్లో 10 తెచ్చుకున్న అబ్బాయితో సమానం. ఈ 0.4 దయాధర్మం అనుకునేవాళ్లున్నారు. నేను సైన్స్ చదువుకున్నదాన్ని, నాకైతే అది తూకంలో ఉన్న తేడాను సరిచేయడంలా కనపడుతుంది. తక్కెడలో ఒక పళ్లెం ముందే వంగి ఉంటే, తూచే ముందు దాన్ని సరిచేయకపోవడమే తప్పు.

చేరిన ప్రతి పిల్లకీ ల్యాప్‌టాప్, క్యాంపస్‌లోనే వసతి, భోజనం, ఇంగ్లిష్ మీద ప్రత్యేక శ్రద్ధ అన్నది మొదట్లో అనుకున్న పద్ధతి. ఆ ఇంగ్లిష్ సంగతి ఎంత ముఖ్యమో తెలుగు మీడియంలో చదివినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. త్వరణం తెలుసు, ద్రవ్యవేగం తెలుసు, వక్రీభవనం తెలుసు, కిరణజన్య సంయోగక్రియ బొమ్మ గీసి భాగాలు గుర్తించమంటే కళ్లు మూసుకుని గీసేదాన్ని. బీఎస్సీ మొదటి నెలలో లెక్చరర్ గారు యాక్సిలరేషన్, మొమెంటం, రిఫ్రాక్షన్ అంటుంటే, ఇవన్నీ నాకు రాని కొత్త పాఠాలు అనుకుని బెంగపడ్డాను. పాఠం పాతదే, పేరు మారింది. మాలాంటివాళ్లు వెనక బెంచీల్లో చాలామంది. ఒక పది పేజీల పదాల పట్టిక ఎవరైనా మొదటి రోజు చేతిలో పెట్టి ఉంటే సగం భయం పోయేది. యూనివర్సిటీల్లో మొదటి సెమిస్టర్ ఫెయిల్ అయ్యే గ్రామీణ పిల్లల్లో నిజంగా సబ్జెక్టు రానివాళ్లు ఎందరు, పేరు తెలియనివాళ్లు ఎందరు అని ఎవరైనా విడదీసి చూస్తే బాగుండు.

మళ్లీ బాసరకి వస్తాను. 2014లో రాష్ట్రం విడిపోయాక అది తెలంగాణకు వచ్చింది. ఏళ్ల తరబడి పూర్తికాలపు వైస్ ఛాన్సలర్ లేకుండా ఇన్‌ఛార్జులతో నడిచింది. 2022 జూన్‌లో వేలాది మంది విద్యార్థులు వారం రోజులు ఎండలో, వానలో క్యాంపస్ గేటు దగ్గర కూర్చున్నారు. వాళ్లు అడిగిన పన్నెండు కోరికలు చదివితే మనసు చివుక్కుమంటుంది. రెగ్యులర్ వీసీ, చాలినంత మంది అధ్యాపకులు, ల్యాప్‌టాప్‌లు, యూనిఫాంలు, పరుపులు, సరైన భోజనం. ఒక్కటి కూడా గొంతెమ్మ కోరిక లేదు. మంత్రి వచ్చి హామీ ఇచ్చాక విరమించారు. మరుసటి నెలలోనే మెస్‌లో భోజనం చేసి వందల మంది ఆసుపత్రి పాలయ్యారు.

రాష్ట్రంలో బాగా చదివే పల్లె పిల్లల్ని ఏరి తీసుకొచ్చి ఒకచోట కూర్చోబెట్టింది ప్రభుత్వమే. ఎంపిక పద్ధతి దేశంలో ఎవరికీ తీసిపోనిది. కానీ ఏరి తెచ్చాక వాళ్లకు పరుపు, పప్పు, పాఠం చెప్పే మనిషి సమకూర్చడంలో చతికిలబడింది. మన రాష్ట్రాల కథ అంతా ఇందులో ఉంది. గేటు తెరవడం మనకు వచ్చు. 1971లో పీవీ నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టిన నాటి నుంచి, ఎస్సీ ఆడపిల్లల కోసం తెలంగాణలో పెట్టిన గురుకుల డిగ్రీ కాలేజీల దాకా, లోపలికి రప్పించే ఆలోచనలకు మనకు కొదవ లేదు. లోపలికి వచ్చినవాళ్ల వెంట నాలుగేళ్లు నడిచే ఓపికే తక్కువ.

ఆ ఓపిక ఎలా ఉంటుందో చూపించిన రెండు చోట్లు అమెరికాలో ఉన్నాయి. అట్లాంటాలో ఉండే మన తెలుగువాళ్లకు జార్జియా స్టేట్ యూనివర్సిటీ తెలిసే ఉంటుంది. అక్కడ బాగా చదువుతున్న పిల్లలు కూడా కొన్ని వందల డాలర్ల బాకీ వల్ల పేరు తొలగించబడి వెళ్లిపోతున్నారని గమనించి, 2011లో చిన్న గ్రాంట్లు మొదలుపెట్టారు. విద్యార్థి దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. యూనివర్సిటీయే తన లెక్కల్లో చూసి, ఎవరికి తక్కువ పడిందో వాళ్ల బాకీ తీర్చేస్తుంది. సగటున ఒక్కొక్కరికి వెయ్యి డాలర్ల లోపే. దానితోపాటు హాజరు, మార్కులు రోజూ గమనిస్తూ, ఎవరైనా తడబడితే సలహాదారు తనే పిలిచి మాట్లాడే ఏర్పాటు. 2003 నాటికి అక్కడ చేరినవాళ్లలో ఆరేళ్లలో డిగ్రీ పూర్తి చేసేది మూడో వంతే ఉండేది, తర్వాత అది సగం దాటింది. నల్లజాతి పిల్లలకు, తెల్లజాతి పిల్లలకు మధ్య ఉన్న అంతరం కూడా అక్కడ చెరిగిపోయింది.

రెండోది న్యూయార్క్ నగర యూనివర్సిటీ 2007లో పెట్టిన ఏసాప్ అనే పథకం. రెండేళ్ల కోర్సు చదివే పేద పిల్లలకు ఫీజులో తరుగు పడింది భర్తీ చేయడం, పుస్తకాలు, తరచూ కలిసే సలహాదారు, ఇంకా ఊళ్లో తిరగడానికి మెట్రో కార్డు. సలహాదారుని కలిస్తేనే మరుసటి నెల మెట్రో కార్డు ఇచ్చేవారు! మా అమ్మ నన్ను హోంవర్క్ అయ్యాకే బయటికి పంపే పద్ధతి గుర్తొచ్చింది నాకు. లాటరీ పద్ధతిలో కొందరిని పథకంలో వేసి, కొందరిని వేయకుండా పోల్చి చూశారు. మూడేళ్లలో కోర్సు పూర్తి చేసినవాళ్లు పథకంలో 40 శాతం, బయట 22 శాతం.

ఇప్పుడు మేముండే ఊరి సంగతి. సింగపూర్‌లో అంతా సవ్యంగా ఉందని చెప్పను. ఇక్కడ వడపోత యూనివర్సిటీ దగ్గర కంటే చాలా ముందు, పన్నెండేళ్ల వయసులో రాసే పీఎస్‌ఎల్‌ఈ దగ్గరే మొదలవుతుంది. పిల్లల్ని ఎక్స్‌ప్రెస్, నార్మల్ అని వేరు చేసే పద్ధతిని 2024లో సెకండరీ ఒకటిలో చేరినవాళ్ల నుంచి తీసేశారు కానీ, ట్యూషన్ల పరుగు ఆగలేదు. 2023 గృహ వ్యయ సర్వే ప్రకారం ఇక్కడి కుటుంబాలు ఏడాదికి 1.8 బిలియన్ సింగపూర్ డాలర్లు ట్యూషన్లకు పోస్తున్నాయి. పైనున్న ఇళ్లు పెట్టే ఖర్చు కింద ఉన్న ఇళ్ల ఖర్చుకు నాలుగింతలకు పైమాటే. ఆ పరుగులో మన తెలుగు ఇళ్లు ముందు వరుసలో ఉన్నాయన్నది మనందరికీ తెలుసు.

కానీ యూనివర్సిటీ సాయంలో ఇక్కడ ఒక పద్ధతి నాకు నచ్చింది. ఇక్కడి పౌరులకు ఇచ్చే బర్సరీలకు ఇంటి మొత్తం ఆదాయాన్ని ఇంట్లో ఉన్న మనుషుల సంఖ్యతో భాగిస్తారు. తాతమ్మలతో కలిసి ఏడుగురున్న ఇల్లు, ముగ్గురున్న ఇల్లు ఒకే జీతం తెచ్చుకున్నా ఒకే గాటన కట్టరు. మన దగ్గర ఆదాయ ధ్రువపత్రంలో ఇంటి ఆదాయానికి ఒకే గీత గీస్తారు, ఇంట్లో ఎందరు తింటున్నారన్నది అడగరు. నేషనల్ యూనివర్సిటీలో బాగా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఫీజుతో పాటు ఉండడానికి, తినడానికి అయ్యే ఖర్చుకు కూడా సాయం అందుతుంది.

ఇంకొకటి, సిండా. మన జీతం స్లిప్పుల్లో నెలనెలా ఒకటి నుంచి ముప్పై డాలర్ల దాకా కోత పడే ఆ గీతను చాలామంది చూసీ చూడనట్లు వదిలేస్తారు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ల నుంచి కూడా తీసుకుంటారు. భారత సంతతి పిల్లలు చదువులో వెనకబడుతున్నారన్న ఆందోళనతో 1991లో ఏర్పడిన సంస్థ అది. తక్కువ ఫీజుకి ట్యూషన్లు చెప్పించడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. కోత వద్దని రాసిస్తే ఆపేస్తారు కూడా. అలా రాసిచ్చేవాళ్ల గురించి ఒక అభిప్రాయం ఉంది నాకు, ఇక్కడ రాయను. అందులో నచ్చింది ఏమిటంటే, ఇచ్చేది చిన్న మొత్తం, ప్రతి నెలా ఇస్తారు, ఎవరి ఫోటో పేపర్లో పడదు.

జూలైలో మనం చేసే దానం దీనికి పూర్తిగా తలకిందులు. పెద్ద మొత్తం, ఒకేసారి, ఫోటోతో. పద్దెనిమిదేళ్ల అమ్మాయి పెద్ద చెక్కు పట్టుకుని నిలబడిన ఆ ఫోటో ఆమె క్లాస్‌మేట్స్ ఫోన్లలోకి కూడా వెళ్తుంది. హాస్టల్లో అడుగు పెట్టకముందే ఆమె 'ఆ పేదమ్మాయి' అయిపోతుంది. ఆ ఒక్క పని మానేయడానికి ఖర్చు ఏమీ లేదు.

మిగతాది కొంచెం పని. లక్ష పోగైతే మొదటి ఏడాది అవసరమైనంత ఇచ్చి, మిగిలింది నాలుగేళ్లకు పంచి పెట్టవచ్చు. ట్యూషన్ ఫీజు ఎంత, అందులో మాఫీ ఎంత, రీయింబర్స్‌మెంట్ ఎంత, చేతి నుంచి కట్టాల్సింది ఎంత, ఏ తేదీకి అని ముందే ఒక కాగితం మీద రాయించుకోవాలి. మన గ్రూపుల్లో అదే ఐఐటీలోనో, ఎన్‌ఐటీలోనో, మెడికల్ కాలేజీలోనో తెలుగు మీడియం నుంచి వెళ్లి చదివి బయటపడ్డవాళ్లు తప్పకుండా ఒకరుంటారు. వాళ్లు పది రోజులకోసారి పదిహేను నిమిషాలు ఫోన్ చేసి, 'ఏమ్మా, ఏ పేపర్ కష్టంగా ఉంది' అని అడిగితే, మన లక్ష చేయలేనిది ఆ ఫోన్ చేస్తుంది. కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘాలు శతాబ్ది భవనానికి చందాలు వసూలు చేసేటప్పుడు, ఆఖరి ఏడాదిలో బాకీ వల్ల సర్టిఫికెట్లు ఆగిన పిల్లలు ఎందరున్నారని ప్రిన్సిపాల్ గారిని ఒక్క మాట అడగవచ్చు. ఒక్కొక్కరికి కావాల్సింది తరచుగా కొన్ని వేలే.

డబ్బు పంపే పద్ధతిలో ఒక జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా అక్కడి ట్రస్టుకు పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. సింగపూర్ పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే. ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఒకే గ్రూపులో రెండు రకాలవాళ్లూ ఉంటారు కాబట్టి, వసూలు మొదలుపెట్టే ముందే చూసుకోండి. జూలైలో చేరిన పిల్లలకు రెండో సెమిస్టర్ హాస్టల్, మెస్ డబ్బుల గడువు సాధారణంగా డిసెంబర్ చివర, జనవరి మొదట్లో పడుతుంది.